వేడెక్కితేగాని పాడని రేడియో

(ఆదివారం ఉదయం మన తెలుగు రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను మాట్లాడబోయేది ఒక గాజు బుడ్డి గురించి. మీలో అరవై దాటినవాళ్ళకి ఇది కొత్త కాదు. మీ చిన్నప్పటి రేడియో స్విచ్చి వెయ్యగానే పాడేది కాదు, గుర్తుందా? ముందు డయలు వెనక దీపం వెలిగేది. తరువాత పచ్చకన్ను మెల్లగా వెలిగేది. అర నిమిషం ఓపిక పడితే, అప్పుడు ఎక్కడో దూరం నుంచి నడిచి వస్తున్నట్టు మాట వినపడటం మొదలయ్యేది. లోపలున్న వాల్వులు వేడెక్కాలి మరి. అవి వేడెక్కితేగాని రేడియో పాడదు.

నాకు ఆ రేడియోలు తెలియవు. నాకు ఊహ వచ్చేసరికే మా ఇంట్లో టీవీ ఉంది. ఐతే తెనాలిలో మా మేనమామ రేడియో మెకానిక్కు. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఆయన బీరువా పై అరలో, పాత పేపర్లలో చుట్టిన గాజు బుడ్లు ఉండేవి. "ముట్టుకోకురా, పగుల్తాయి" అనేవాడు. ఎందుకు దాచుకున్నాడో అప్పట్లో అడగాలని తోచలేదు.

రెండేళ్ళ కిందట నాకొక సరదా పుట్టింది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. చేత్తో ముట్టుకోగలిగినది ఏదైనా ఒకటి చెయ్యాలనిపించింది. హెడ్‌ఫోన్‌లో పాత పాటలు వినడానికి ఒక చిన్న వాల్వు ఆంప్లిఫయరు కడదామనుకున్నాను. ఘంటసాల గారు 1951లో "పాతాళభైరవి"కి పాడిన రోజుల్లో మైకు దగ్గరనుంచి థియేటర్లో స్పీకరు దాకా దారంతా వాల్వులే. ఆ పాటని మళ్ళీ ఒకసారి వాల్వులోంచి వినాలని కోరిక. అంతకుముందు నేను ఎన్నడూ టంకం పెట్టిన పాపాన పోలేదు. ఆ పని చేస్తూ, దాని చరిత్ర చదువుతూ, మావయ్యతో ఫోన్లో మాట్లాడుతూ నేను తెలుసుకున్నది ఒకటే. ఒక వస్తువుని చెయ్యడం వేరు, అది ఎలా పనిచేస్తుందో తెలియడం వేరు. ఈ గాజు బుడ్డి చరిత్రలో చేసినవాళ్ళు కొందరు, తెలిసినవాళ్ళు కొందరు. పేరు మాత్రం ఎప్పుడూ తెలిసినవాళ్ళకే దక్కలేదు.

కథ ఎడిసన్‌తో మొదలవుతుంది. 1880లో ఆయన విద్యుద్దీపాలు కొన్నాళ్ళు వెలిగేసరికి లోపల గాజంతా నల్లబడిపోయేది. ఎందుకలా అవుతోందో చూద్దామని బల్బులో ఇంకొక లోహపు ముక్క పెట్టి చూశాడు. కాలుతున్న తీగకీ ఈ ముక్కకీ ఎక్కడా అంటు లేదు, మధ్యలో ఉన్నది శూన్యం. అయినా కరెంటు పారింది, అదీ ఒకవైపుకి మాత్రమే. 1883లో ఆయన దీనికి పేటెంటు అడిగాడు, 1884లో వచ్చింది. వోల్టేజి చూపించే సాధనంగా పనికొస్తుందని రాసుకున్నాడు. అంతకు మించి పట్టించుకోలేదు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. శూన్యంలో పరిగెత్తిన ఆ ఎలక్ట్రాను సంగతి జె.జె. థాంసన్ బయటపెట్టిందే 1897లో.

లండన్‌లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. ఒకప్పుడు ఎడిసన్ కంపెనీకి సలహాదారు, తరువాత మార్కొనీకి సలహాదారు. వైర్‌లెస్ తరంగాలని పట్టుకునే ఉపాయం కోసం వెతుకుతూ, ఆ పాత బల్బు గుర్తొచ్చి, 1904 నవంబరులో దాన్నే పేటెంటు చేశాడు. కరెంటుని ఒకవైపుకే పోనిస్తుంది కాబట్టి దానికి వాల్వు అని పేరు పెట్టాడు. ఇంగ్లీషువాళ్ళు పాలించిన మన దేశంలో అదే పేరు నిలిచిపోయింది. ఇక్కడ అమెరికాలో ట్యూబ్ అంటారు. నేను మావయ్యతో ట్యూబ్ అంటే ఆయన సైకిలు ట్యూబనుకున్నాడు.

అసలు మలుపు 1906లో. లీ డి ఫారెస్ట్ అనే అమెరికన్ ఆ రెంటికీ మధ్యలో మూడోదాన్ని, సన్నటి వంకర తీగని పెట్టాడు. దాన్నే గ్రిడ్ అంటారు. ఆ బల్బుకి ఆడియన్ అని పేరు పెట్టాడు, 1908లో పేటెంటు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ఆవిష్కరణల్లో ఇదొకటి. చిత్రమేమిటంటే, అది ఎలా పనిచేస్తోందో కనిపెట్టినాయనకే సరిగా తెలియదు. బల్బులో కాస్త గాలి మిగిలి ఉండటం వల్లే పనిచేస్తోందని ఆయన నమ్మకం. పైగా 1913లో ఆయన మీద మోసం కేసు విచారణకి వచ్చింది. ఎందుకూ పనికిరాని బల్బు చూపించి కంపెనీ షేర్లు అమ్ముతున్నాడన్నది అభియోగాల్లో ఒకటి. ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. అదే ఏడాది టెలిఫోను కంపెనీ ఆ పనికిరాని బల్బు మీద టెలిఫోను హక్కులని 50,000 డాలర్లకి కొనుక్కుంది. అక్కడ హెరాల్డ్ ఆర్నాల్డ్ అనే శాస్త్రవేత్త, డి ఫారెస్ట్ నమ్మకానికి సరిగ్గా వ్యతిరేకంగా, లోపలి గాలి పూర్తిగా లాగేస్తే అది ఎంతో బాగా పనిచేస్తుందని చూపించాడు. 1915 జనవరి 25న న్యూయార్క్‌నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మాట వెళ్ళింది. దారి పొడుగునా నీరసించిపోతున్న గొంతుకి బలం పోసింది ఈ వాల్వులే.

గ్రిడ్ చేసే పనేమిటో నాకు పుస్తకాలు చదివితే సగమే అర్థమైంది. మిగతా సగం మావయ్య చెప్పాడు. "కాలవ మీద షట్టరు చూశావుగా. నీళ్ళు ఎంత జోరుగా పారుతున్నా, ఒక్క మనిషి చక్రం అటూ ఇటూ తిప్పితే ఆ జోరంతా ఆయన చెప్పినట్టు వింటుంది. నీ పాట ఆ చక్రం తిప్పే మనిషి. పారే నీళ్ళు గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటు. గ్రిడ్డు షట్టరు." కృష్ణా కాలవల మధ్య పెరిగినవాడికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. పాటలోని చిన్న కదలికని పెద్ద కరెంటు అనుకరిస్తుంది. పాట పెద్దదవ్వడమంటే అంతే.

ఆ లెక్కని శాస్త్రీయంగా పట్టుకున్నవాడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1912లో, ఇంకా కొలంబియా యూనివర్సిటీలో చదువుకుంటుండగానే, వాల్వులోంచి బయటికొచ్చిన శబ్దాన్ని కొంత మళ్ళీ గ్రిడ్‌కే తిప్పి పంపితే ఎన్నో రెట్లు పెరుగుతుందని కనిపెట్టాడు. వాల్వులో ఏం జరుగుతోందో కొలిచి, గీతలు గీసి వివరించాడు. కాని దాని మీద ఆయనకీ డి ఫారెస్ట్‌కీ మధ్య కోర్టు తగాదా వచ్చింది. ఏళ్ళ తరబడి నడిచింది. 1934లో సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన తీర్పు చెప్పింది. రేడియో ఇంజనీర్ల సంఘం ఒకప్పుడు తనకిచ్చిన పతకాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ తిరిగి ఇచ్చెయ్యబోతే, ఇంజనీర్లు తీసుకోలేదు. ఎవరికి తెలుసో వాళ్ళకి తెలుసు. ఎఫ్.ఎం. రేడియో కూడా ఆర్మ్‌స్ట్రాంగ్ చలవే. దాని మీదా పేటెంటు తగాదాలు నడిచాయి. డబ్బూ మనశ్శాంతీ కరిగిపోయి 1954లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన భార్య మారియన్ పట్టు విడవకుండా ఆ కేసులన్నీ నడిపి, 1967నాటికి చివరిదాకా గెలిచింది.

ఇక మన వైపుకి వద్దాం. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం మొదలైంది, తెలుగు కార్యక్రమాలు అక్కడినుంచే వచ్చేవి. హైదరాబాదులో నిజాం కాలపు దక్కన్ రేడియో ఉండేది. 1950 ఏప్రిల్‌లో అది ఆకాశవాణిలో కలిసింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చాక కృష్ణా, గుంటూరు జిల్లాల్లో రేడియో కొనేవాళ్ళు పెరిగారు. ఇక సిలోన్ రేడియోలో మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు, ఆవిడ వేసే తెలుగు పాటలు మీలో ఎంతమందికి జ్ఞాపకమో! వాల్వులు మొదట్లో బయటి దేశాలనుంచి వచ్చేవి. 1960ల మొదట్లో బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు ఫిలిప్స్ సహకారంతో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టారు.

మా మావయ్య పని నేర్చుకున్నది సరిగ్గా ఆ రోజుల్లో. పదిహేడేళ్ళ వయసులో ఒక రేడియో షాపులో చేరాడు. మొదటి ఏడాది జీతం లేదు, మధ్యాహ్నం భోజనం మాత్రం. పేటెంట్లూ, కోర్టులూ ఆయనకి తెలియవు. ఆయనకి తెలిసినది చెవి. సెట్టు విప్పకుండానే, వచ్చే గుయ్యి వినే ఏ కండెన్సరు పోయిందో చెప్పేవాడని అమ్మ అంటుంది. షాకులకీ లెక్క లేదు. ఏసీ/డీసీ సెట్లని కొన్ని ఉండేవి. వాటిల్లో కరెంటు తీగ ఒకటి తిన్నగా ఛాసిస్‌కే కలిసి ఉండేది. ప్లగ్గు తిరగేసి పెడితే రేడియో ఒళ్ళంతా కరెంటే.

ఆ ముచ్చట ఎంతో కాలం సాగలేదు. 1947 డిసెంబరులోనే బెల్ లాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీ ట్రాన్సిస్టరు చేశారు. అది తెనాలి చేరడానికి పాతికేళ్ళు పట్టింది, అంతే. వేడెక్కనక్కర లేదు, పగలదు, బ్యాటరీతో పొలం గట్టు మీద కూడా పాడుతుంది. మావయ్య ట్రాన్సిస్టర్లు నేర్చుకున్నాడు, తరువాత టీవీలు నేర్చుకున్నాడు. ఆ తరువాత పాడైన వస్తువుని బాగుచేయించుకునే అలవాటే పోయింది. చివరికి మిక్సీలు, ఫ్యాన్లకి వైండింగు చేస్తూ షాపు మూసేశాడు. బీరువాలో బుడ్లు మాత్రం పారెయ్యలేదు.

నా వృత్తికి కూడా పుట్టిల్లు ఈ బుడ్డే. 1946లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో జనానికి చూపించిన ఎనియాక్ కంప్యూటరులో సుమారు 18,000 వాల్వులు ఉండేవి. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మనవాళ్ళు 1960కల్లా కట్టిన టిఫ్రాక్‌లో సుమారు 2,700. ఎనియాక్‌లో వాల్వులు ఎక్కువగా చచ్చేది ఆన్ చేసేటప్పుడూ, ఆపి చల్లారేటప్పుడూ అని గమనించి, వీలైనంతవరకు దాన్ని ఆపకుండా ఉంచేవారట. ఇది మావయ్యకి చెబితే, "అదేగా నేను అందరికీ చెప్పేది, ఊరికే వేసి తియ్యొద్దని" అన్నాడు.

ప్రపంచం వదిలేసినా వాల్వు పూర్తిగా చావలేదు. 1976లో విక్టర్ బెలెంకో అనే సోవియట్ పైలట్ మిగ్-25 విమానంతో జపానుకి పారిపోయి వస్తే, దాన్ని విప్పి చూసినవాళ్ళు లోపల వాల్వులు చూసి ఆశ్చర్యపోయారు. అమెరికాలో కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడినా, తూర్పు దేశాల్లో తయారీ ఆగలేదు. గిటారు వాయించేవాళ్ళు వాల్వు ఆంప్లిఫయరు వదలకపోవడంతో ఆ కార్ఖానాలకి గిరాకీ ఉండిపోయింది. ఇవాళ కూడా కొత్త వాల్వులు రష్యా, స్లొవేకియా, చైనాలనుంచి వస్తున్నాయి. 2022 మార్చిలో యుక్రెయిన్ యుద్ధం తరువాత రష్యా ఎగుమతులు ఆపేసరికి గిటారువాళ్ళు ఎంత కంగారుపడ్డారో!

ఇక నా ఆంప్లిఫయరు. అందులో వాల్వులు రెండు. మొదటిది 12ఏయూ7, బొటనవేలంత ఉంటుంది, 1940లలో వచ్చింది. పాటని పెద్దది చేసే పని దానిది. రెండోది 6080, లావుపాటిది. ఇది సంగీతం కోసం పుట్టలేదు. వోల్టేజి నిలకడగా ఉంచే పవర్ సప్లైలలో కూలిపని చేసిన వాల్వు. దండిగా కరెంటు ఇవ్వగలదు కాబట్టి 300 ఓముల హెడ్‌ఫోన్‌ని తేలిగ్గా నడిపిస్తుంది. చిన్న ఇయర్‌ఫోన్లకి ఇది నప్పదు.

లోపల వోల్టేజి సుమారు 170. స్విచ్చి తీసేసినా, ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో అది నిలవ ఉంటుంది, మనిషిని చంపగలదు. మావయ్య పెట్టిన మొదటి షరతు, "ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతిలోకి పోతుంది." రెండోది, మీటరు పెట్టి సున్నా చూశాకే వేలు పెట్టాలి. ఉత్సాహపడే శ్రోతలకి నేనూ అదే చెబుతాను. పిల్లలు ఉన్న ఇంట్లో మూత బిగించకుండా ప్లగ్గు పెట్టకండి.

మూడు వారాంతాలు కూర్చుని, బొమ్మలో ఎలా ఉందో అలా ప్రతి తీగా అతికించాను. స్విచ్చి వేశాను. అర నిమిషానికి రెండు వాల్వులూ నిప్పుకణికల్లా ఎర్రబడ్డాయి. పాట వచ్చింది. పాటతోబాటు గుయ్యిమని ఒక మోత కూడా వచ్చింది. పాటకీ పాటకీ మధ్య ఆ మోత ఒక్కటే. నేను చేశాను, కాని నాకు తెలియదు. డి ఫారెస్ట్ పరిస్థితే నాదీ.

వాట్సాప్‌లో మావయ్యకి వినిపిద్దామని హెడ్‌ఫోన్ ఫోను దగ్గర పెట్టాను. ఆయనకి ఏమీ వినపడలేదు. ఈ ఫోన్లు మనిషి గొంతు కానిదాన్ని జల్లెడ పట్టి పారేస్తాయి. చివరికి ఆ గుయ్యిని నేనే నోటితో పాడి వినిపించాను. అంత కిందకి నా గొంతు దిగదు కాబట్టి ఒక స్థాయి పైన పట్టుకున్నాను. ఇక్కడ రాత్రి పదకొండు, మా ఆవిడ తలుపు తీసి చూసి మళ్ళీ వేసేసింది.

మావయ్య కాసేపు ఆగి, "ఇది మన గుయ్యి కాదురా. కాస్త పైన ఉంది" అన్నాడు. నా ఒళ్ళు జలదరించింది. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అమెరికాలో 60 సార్లు. 50ని షడ్జమం అనుకుంటే 60 సరిగ్గా సాధారణ గాంధారం. నలభై ఏళ్ళ కిందట వదిలేసిన పని, పక్కన మాట్లాడితేనే సరిగా వినపడని చెవి, ఆ తేడా పట్టుకుంది.

తరువాత వరసగా ప్రశ్నలు. "మెత్తగా ఉందా, గరగరలాడుతోందా?" మెత్తగా ఉంది. "ఐతే పవర్ సప్లై కండెన్సరు కాదు, అదైతే గరగరలాడుతుంది. వాల్యూము తగ్గిస్తే తగ్గుతుందా?" తగ్గదు. "ఐతే వాల్యూము దాటాక వస్తోంది. హీటరు తీగలు చూడు. అల్లావా?" అల్లలేదు. చూడటానికి ముచ్చటగా ఉంటాయని రెండు తీగలూ పక్కపక్కన తిన్నగా లాగాను, అదీ గ్రిడ్ తీగ పక్కనుంచే. "జడ అల్లినట్టు గట్టిగా అల్లి మూలకి తోసెయ్యి. రెండు తీగల్లో కరెంటు ఎదురెదురుగా పోతుంది, అల్లితే ఒకదాని మోత ఒకటి మింగేస్తుంది. హీటరుని ఎర్తుకి కలిపావా?" అదీ లేదు. బొమ్మలో ఉన్న చిన్న గీతని వదిలేశాను. అది కలపకపోతే హీటరు ఎటూ కట్టని పడవలాగా ఊగుతూ, పక్కనే ఉన్న కేథోడ్‌లోకి తన మోత చేరవేస్తుందట.

మర్నాడు రెండూ సరిచేశాను. మోత దాదాపు పోయింది, బాగా చెవిపెట్టి వింటేగాని లేదు. అప్పుడు అడిగాను, ఆ బుడ్లు ఎందుకు దాచావు మావయ్యా అని. "ఎవరైనా ఎప్పుడైనా అడుగుతారని" అన్నాడు. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ళు అడగలేదు. మొన్నమొన్నటిదాకా నేనూ అడగలేదు. ఎడిసన్ పేటెంటు కావాలంటే ఇవాళ ఎవరైనా చదువుకోవచ్చు. గుయ్యి విని రోగం చెప్పే విద్య ఏ పేటెంటులోనూ లేదు. అది ఉన్నవాళ్ళ దగ్గర కూర్చుని అడిగితేనే వస్తుంది, వాళ్ళు ఉన్నంతకాలమే వస్తుంది.

పోయిన డిసెంబరులో ఊరికి వెళ్ళినప్పుడు ఆంప్లిఫయరు వెంట తీసుకెళ్ళాను. ట్రాన్స్‌ఫార్మరుకి రెండు వైండింగులు ఉన్నాయి. ఇక్కడి కరెంటుకి పక్కపక్కన కలిపినవాటిని అక్కడి 230 వోల్టులకి ఒకదాని వెనక ఒకటి కలపాలి. మావయ్యే కళ్ళజోడు పెట్టుకుని, చెయ్యి వణుకుతున్నా, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని ఆ టంకం పెట్టాడు. స్విచ్చి వేసి ఇద్దరం కూర్చున్నాం. అర నిమిషం. హెడ్‌ఫోన్ ఆయన చెవులకి పెట్టాను. పాట పెట్టబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్ళు మూసుకుని, మిగిలిపోయిన ఆ కాస్త మోతని వెతికి పట్టుకున్నాడు.

"ఇప్పుడు మన శ్రుతికి వచ్చింది" అన్నాడు. "ఇక పాట పెట్టు."